రొయ్యల గుంట దాకా వచ్చిన కొత్త విజ్ఞానం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఇందుకూరుపేట దాటితే వరి పొలాలు పలచబడి, గుంట నీటిని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్ల చప్పుడు మొదలవుతుంది. ఆ చుట్టుపక్కల రైతులు, ఇటు విడవలూరు, అల్లూరు, అటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు రైతులు, బయటి ఊళ్లలో చదువుకుంటున్న వారి పిల్లలు, గుంట లేకపోయినా గుంటల పక్కన కాపురం ఉంటున్నవారు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాను. చేపల శాస్త్రం చదువుకున్నాను, ఇంట్లో రెండు గుంటలూ ఉన్నాయి. అందువల్ల శాస్త్రం ఏం కనిపెట్టింది అన్నదాని కంటే, అందులో గుంట కట్ట దాకా వచ్చింది ఎంత అన్నదానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

వనామీ మన రొయ్య కాదంటారు. మరి మన గుంటల్లోకి ఎలా వచ్చింది?

కాదు. వనామీ పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ ఉత్తర భాగం వరకు ఉన్న పసిఫిక్ తీరం. 1990లలో మన తీరంలో గుంటలు తవ్విన తొలి రోజుల్లో వేసింది టైగర్ రొయ్య. దాని తల్లి రొయ్యలను సముద్రంలో వల వేసి పట్టి, గుంటల్లో వేసే పిల్లను పుట్టించే హ్యాచరీలకు తెచ్చేవారు. ఆ తల్లి ఏ రోగాన్ని మోసుకొస్తున్నదో చూసే సాధనం అప్పట్లో రైతు దగ్గరా లేదు, హ్యాచరీ దగ్గరా లేదు. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ తూర్పు తీరానికి వచ్చి, వారం పది రోజుల్లో గుంటకు గుంటనే ఊడ్చేసింది. అప్పు తెచ్చి గుంట తవ్వి, ఒకటి రెండు పంటలతోనే పొలం పోగొట్టుకున్న కుటుంబాలు మా ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి.

వనామీ సాగుకు మన దేశంలో 2009లో నిబంధనలతో అనుమతి వచ్చింది. అది టైగర్ కంటే గట్టి రొయ్య కావడం వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు గాని, అసలు కారణం అది కాదు. వనామీని తరతరాలుగా సముద్రంతో సంబంధం లేకుండా, మూసి ఉంచిన తొట్లలోనే పెంచి, ప్రతి తరాన్ని పరీక్షించి, ఎంపిక చేస్తూ రాగలిగారు. కోళ్లకు, ఆవులకు మనిషి ఎప్పుడో చేసిన పనిని రొయ్యకు గత కొన్ని దశాబ్దాల్లో చేశారన్నమాట. విదేశాల నుంచి విమానంలో వచ్చే తల్లి రొయ్యలు చెన్నై దగ్గర నీలాంకరైలో ఉన్న క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు ముగిశాకనే హ్యాచరీలకు చేరతాయి. వనామీ అడుగున మాత్రమే కాకుండా నీటి మధ్యలో కూడా ఈదుతుంది కాబట్టి అదే గుంటలో ఎక్కువ పిల్ల పడుతుంది, టైగర్‌తో పోలిస్తే తక్కువ మాంసకృత్తులున్న మేతతోనే పెరుగుతుంది. రైతు లెక్కకు ఇవి కూడా కలిసొచ్చాయి.

ఎస్‌పీఎఫ్ పిల్ల అంటే రోగం రాని పిల్లేనా?

కాదు. ఈ ఒక్క అపోహ వల్ల జరిగిన నష్టం తక్కువేమీ కాదు. ఎస్‌పీఎఫ్ (స్పెసిఫిక్ పాథోజెన్ ఫ్రీ) అంటే జాబితాలో పేర్కొన్న ఫలానా రోగకారకాలు ఆ తల్లిలో లేవని పరీక్షించి తేల్చారని మాత్రమే అర్థం. అది ఆ రొయ్య పుట్టుకకు సంబంధించిన మాట గాని, దాని సత్తువకు సంబంధించిన మాట కాదు. శుభ్రంగా స్నానం చేసి బయలుదేరిన మనిషి బురదలో నడిస్తే కాళ్లకు బురద అంటకుండా ఉండదు కదా. రోగాన్ని తట్టుకునే గుణం కోసం ప్రత్యేకంగా ఎంపిక చేసిన రకాలు వేరే ఉన్నాయి. సాధారణంగా వాటిలో ఎదుగుదల కొంత తగ్గుతుంది. వేగంగా పెరిగే రకమా, తట్టుకునే రకమా అన్నది ఒక్కో ప్రాంతపు రోగాల తీరును బట్టి తేల్చుకోవాల్సిన విషయం.

వనామీ జన్యుమార్పిడి రొయ్యా?

కాదు. బాగా పెరిగిన వాటిని ఎంచుకుని వాటి సంతానాన్ని మళ్లీ పెంచడం వల్ల వచ్చిన రొయ్య అది. జన్యువులను కోసి అతికించిన జీవి కాదు. జంతువుల్లో ఆహారం కోసం జన్యుమార్పిడి చేసి అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన మొదటి జీవి ఒక రకం సాల్మన్ చేప, దానికి 2015లో అనుమతి వచ్చింది.

అయితే జన్యువులను చదవడం వేరు, మార్చడం వేరు. వనామీ జన్యుపటాన్ని చైనా శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించారు. అందులో 25 వేలకు పైగా జన్యువులను గుర్తించారు. ఆ పటం చేతిలో ఉంటే, ఏ తల్లి సంతానం త్వరగా పెరుగుతుందో రొయ్య పెద్దదయ్యేదాకా ఎదురుచూడకుండా, దాని డీఎన్‌ఏలోని గుర్తులను బట్టి ముందే అంచనా వేయవచ్చు. ఇవాళ పెద్ద తల్లి రొయ్యల కేంద్రాలు చేస్తున్న ఎంపికలో ఈ విద్య పాత్ర పెరుగుతోంది.

జన్యు సవరణ మన ప్రాంతానికి రొయ్య కంటే ముందు వరి రూపంలో వచ్చేలా ఉంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అంటే మనం బీపీటీ 5204 అని పిలిచే రకంలో, హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్రిస్పర్ పద్ధతిలో ఒక జన్యువును సవరించి తయారుచేసిన కమల అనే రకాన్ని 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. రొయ్య విషయంలో ఇటువంటి పని ఇంకా పరిశోధనశాలల తొట్లలోనే ఉంది.

పిల్లకు రోగం ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్షకు డబ్బు కడతాం, కాగితం తెచ్చుకుంటాం. లోపల అసలు ఏం చేస్తారు?

కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష కూడా ఈ కుటుంబానిదే కాబట్టి పేరు అందరికీ తెలుసు, పని తెలిసినవారు తక్కువ. రొయ్య పిల్లలను నలిపి, వాటి కణాల్లోని డీఎన్‌ఏను వేరుచేస్తారు. అందులో రొయ్య డీఎన్‌ఏతో పాటు, ఉంటే గింటే, వైరస్ డీఎన్‌ఏ కూడా చిటికెడు ఉంటుంది. గడ్డివాములో సూదిని వెతకడం కష్టం. పీసీఆర్ చేసే తెలివైన పని ఏమిటంటే, సూదిని వెతకదు, సూది ఉంటే దాన్ని కోట్ల సూదులుగా పెంచుతుంది, అప్పుడు అది తనంత తానే కనబడుతుంది.

అందుకోసం ఆ ద్రవాన్ని మొదట సుమారు 95 డిగ్రీలకు వేడిచేస్తారు, డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి. తరువాత 50-60 డిగ్రీలకు చల్లార్చితే, వైరస్ డీఎన్‌ఏకు మాత్రమే సరిపోయేలా ముందే తయారుచేసి కలిపిన చిన్న ముక్కలు వెళ్లి దానికి అతుక్కుంటాయి. మళ్లీ 72 డిగ్రీల దగ్గర ఒక ఎంజైము ఆ ముక్క నుంచి మొదలుపెట్టి కొత్త పోగును అల్లుతుంది. ఒక్కో చుట్టుకు ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. 30 చుట్లు పూర్తయ్యేసరికి లెక్క ప్రకారం ఒక్క ముక్క 107 కోట్లకు పైగా ప్రతులవుతుంది. ఇంత వేడికి మామూలు ఎంజైము ఉడికిపోతుంది. ఇక్కడ వాడేది అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బతికే ఒక బ్యాక్టీరియా నుంచి తెచ్చినది. ఈ పద్ధతిని 1983లో ఊహించిన కేరీ మల్లిస్‌కు 1993లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. పదేళ్లలో నోబెల్ దాకా వెళ్లిన ఆ ఆలోచన, ఇప్పుడు తీరం మండలాల్లో ఎరువుల దుకాణం పక్క గదిలో పనిచేస్తోంది.

రియల్ టైమ్ పీసీఆర్ అనేది దీనికి మరో మెట్టు. ఎన్నో చుట్టు దగ్గర గుర్తు కనిపించిందో అది చెబుతుంది. 18వ చుట్టులోనే కనిపిస్తే వైరస్ దండిగా ఉందని, 35 దాటాక కనిపిస్తే చాలా కొద్దిగా ఉందని అర్థం. అందుకే కాగితం మీద ఉందా లేదా అన్నది మాత్రమే చూడకుండా, ఆ సీటీ అంకె ఎంత అని అడిగి తెలుసుకోవడం మంచిది.

పరీక్షలో నెగటివ్ వచ్చిన పిల్లకే తెల్లమచ్చ ఎందుకు వస్తుంది? ల్యాబ్ మోసం చేసిందా?

మోసం చేసే చోట్లు ఉండవచ్చు గాని, చాలాసార్లు కారణం లెక్కలో ఉంటుంది. హ్యాచరీ తొట్టిలో 100 పిల్లలకు 2 పిల్లలకు మాత్రమే వైరస్ ఉందనుకుందాం. మీరు 10 పిల్లలను తీసుకెళితే వాటిలో ఒక్క రోగపు పిల్ల అయినా పడే అవకాశం 20 శాతం కూడా లేదు. అంటే ఐదింట నాలుగుసార్లు ఆ తొట్టి నెగటివ్ అనే తేలుతుంది, పరీక్షలో ఏ లోపమూ లేకుండానే. 150 పిల్లలను తీసుకెళితే ఆ అవకాశం 95 శాతానికి పెరుగుతుంది. ల్యాబ్‌వారు 150 పిల్లలు కావాలంటే చాదస్తం అనుకోవద్దు.

రెండో కారణం, రోగం పిల్లతోనే రానక్కరలేదు. మా గుంటలో జరిగినదే చెబుతాను. ఒక నవంబరులో, పరీక్షించి వేసిన పిల్లకు 38వ రోజు, మూడు రోజుల ముసురు తరువాత, తెల్లవారి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే మేత అలాగే ఉంది. కట్ట వెంబడి నడిస్తే నీటి అంచున నాలుగైదు రొయ్యలు ఎర్రబారి నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఒకదాని తల మీది పెంకును ఊడదీసి ఎండకు ఎదురుగా పట్టుకుంటే ఆవగింజల వంటి తెల్లటి చుక్కలు కనిపించాయి. ఎగువన ఒక గుంటలో అప్పటికి నాలుగు రోజుల ముందే రోగం వచ్చిందనీ, బ్లీచింగ్ చల్లకుండానే రాత్రిపూట నీటిని కాలువలోకి వదిలేశారనీ, అదే కాలువ నుంచి మేము నీళ్లు తోడుకున్నామనీ తరువాత తెలిసింది. పీతలు కూడా ఈ వైరస్‌ను మోస్తాయి, తమకు జబ్బు కనిపించకుండానే. పీతల కంచె, పక్షుల వల, తోడే నీటికి సన్నటి వలగుడ్డ, నీటిని బ్లీచింగ్‌తో శుద్ధిచేసే ప్రత్యేక గుంట, ఇవేవీ కొత్త శాస్త్రంలా కనిపించవు గాని, పీసీఆర్ కాగితం విలువ నిలిచేది వీటి మీదనే.

చలి, వాన పాత్ర కూడా ఉంది. నీరు 32 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు తెల్లమచ్చ వైరస్ పెరుగుదల మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అప్పుడు నీరు చల్లబడుతుంది, ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతుంది, రొయ్య సత్తువ తగ్గుతుంది. వానాకాలం పంటను పెద్దలు జూదం అనడం వెనుక ఇంత ఉంది.

మనుషులకు టీకాలు ఉన్నప్పుడు రొయ్యకు ఎందుకు లేవు?

టీకా పనిచేయాలంటే ఒకసారి చూసిన శత్రువును గుర్తుపెట్టుకునే యాంటీబాడీలు శరీరంలో ఉండాలి. రొయ్యకు అవి లేవు. దాని రక్షణ వ్యవస్థ వచ్చినవాడితో వచ్చినప్పుడు పోరాడుతుందే గాని, మనలాగా పేరు రాసి పెట్టుకోదు. అందువల్ల మామూలు అర్థంలో టీకా తయారుచేయడానికి వీలు లేదు.

శాస్త్రవేత్తలు ఇప్పుడు మరో దారి వెతుకుతున్నారు. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను కణంలోకి పంపితే, దానికి సరిపోలే జన్యు సందేశాన్ని కణమే ముక్కలు చేస్తుందని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో చూపించారు, దానికి 2006లో నోబెల్ వచ్చింది. తెల్లమచ్చ వైరస్ సందేశానికి సరిపోలే ఆర్‌ఎన్‌ఏను రొయ్యకు సూదితో ఇచ్చిన ప్రయోగాల్లో చావులు బాగా తగ్గాయి. ఎకరాకు లక్షల్లో ఉన్న రొయ్యలకు సూదులు వేయలేం కాబట్టి మేతలో కలిపి ఇవ్వడం ఎలాగన్న దగ్గర పని నడుస్తోంది. అది తేలేదాకా తెల్లమచ్చకు మందు ఉందని సీసా చూపించేవారిని నమ్మవద్దు.

రొయ్యలు చావడం లేదు, మేత తింటున్నాయి, కానీ పెరగడం లేదు. ఇది ఏ రోగం?

ముందుగా అనుమానించవలసింది ఈహెచ్‌పీని. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు. శిలీంద్రాలకు దగ్గరి చుట్టమైన మైక్రోస్పోరిడియా అనే సూక్ష్మ పరాన్నజీవి. 2009లో థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్యల నుంచి దీనికి పేరు పెట్టారు. రొయ్య తలలో కాలేయం పనిని, క్లోమం పనిని కలిపి చేసే ఒక అవయవం ఉంటుంది. ఈ జీవి ఆ అవయవపు కణాల్లో దూరి, తిన్న తిండిలోని శక్తిని తానే వాడుకుంటుంది. తెల్లమచ్చ వస్తే వారంలో తేలిపోతుంది, రైతు ఏడ్చి ఊరుకుంటాడు. ఈహెచ్‌పీ అలా తేల్చదు. 90వ రోజున 40 కౌంటుకు రావలసిన గుంట 80 కౌంటు దగ్గర ఆగిపోతుంది, ఒకే వలలో వేలంత రొయ్య, చిటికెన వేలంత రొయ్య కలిసి వస్తాయి, రేపు పెరుగుతాయేమోనన్న ఆశతో మేత బస్తాలు మాత్రం దిగుతూనే ఉంటాయి. కౌంటు సంగతి తెలియనివారికి చెప్పాలంటే, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. 40 కౌంటు అంటే ఒక్కోటి 25 గ్రాములు, 80 అంటే పన్నెండున్నర.

దీని విత్తనాల వంటి స్పోర్లకు గట్టి గోడ ఉండడం వల్ల మామూలుగా ఎండబెట్టినంత మాత్రాన అవి చావవు. పంట తీసిన తరువాత గుంట అడుగు మట్టిని 10-12 సెంటీమీటర్ల లోతు దున్ని, హెక్టారుకు 6 టన్నుల లెక్కన కాల్చిన సున్నం కలిపి, తడిపి, మట్టి పీహెచ్ 12 దాకా ఎక్కేలా చేయాలని నిపుణులు సిఫారసు చేస్తున్నారు. ఎకరాకు అది సుమారు రెండున్నర టన్నులు. మన దగ్గర చాలామంది చల్లేది ఇందులో పదో వంతు కూడా ఉండదు, అది కూడా పొడిగా ఉన్న వ్యవసాయ సున్నం. ఆ సున్నం పీహెచ్‌ను అంత ఎత్తుకు తీసుకుపోలేదు. కొత్త పంటకు తొందరపడి ఈ పని దగ్గర ఖర్చు తగ్గించుకునేవారే ఎక్కువ, నా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన పొదుపు అదే. పరీక్షకు పీసీఆర్ ఉంది, పిల్లకే కాకుండా గుంటలో పెరుగుతున్న రొయ్య పెంటికకు కూడా చేయించవచ్చు.

ఆక్సిజన్ సెన్సార్లు పెట్టుకోవడం అవసరమా? అనుభవం ఉన్న రైతుకు నీటిని చూస్తే తెలియదా?

రంగు తెలుస్తుంది, వాసన తెలుస్తుంది, ఆక్సిజన్ తెలియదు. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల నీటిలో, గాలితో సమంగా ఉన్నప్పుడు, లీటరుకు 7 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే కరుగుతుంది. ఉప్పు పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. రొయ్య హాయిగా ఉండాలంటే 4కు పైన ఉండాలి. పగలు నీటిలోని పచ్చటి నాచు ఎండతో ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యతో పాటు ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. అందువల్ల సాయంత్రం నిండుగా ఉన్న గుంట తెల్లవారుజామున నాలుగు గంటలకు అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజు తరువాతి రాత్రి మరీ ప్రమాదం.

గట్టిగా నిద్రపట్టే ఆ వేళలోనే కరెంటు పోతుంది, కాపలా కుర్రవాడు జనరేటర్ వేయడానికి ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఉదయం నీటి మీద తేలే రొయ్య నష్టానికి కారణం రోగం కాదు, ఆ ఇరవై నిమిషాలు. సెన్సారు విలువ ఇక్కడ ఉంది. పాత రకం సెన్సార్లలో పొర, ద్రావణం మార్చుతూ ఉండాలి. కొత్తవి కాంతితో పనిచేస్తాయి. నీలి కాంతి పడితే ఎర్రగా మెరిసే రంగుపూత చివరన ఉంటుంది, నీటిలో ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఉంటే ఆ మెరుపు అంత తొందరగా ఆరిపోతుంది, ఆ ఆరిపోయే వేగాన్ని కొలిచి అంకె చెబుతుంది. అంకె 4 కిందికి దిగగానే ఫోనుకు కబురు పంపించి, ఏరియేటరును తానే వేసే ఏర్పాటు కూడా వచ్చింది.

కొనేవారికి ఒక హెచ్చరిక. గుంట నీటిలో ఏ వస్తువు మీదనైనా రెండు మూడు రోజుల్లోనే జిగురు, నాచు పట్టుకుంటాయి. సెన్సారు కొనను వారానికి రెండుసార్లైనా మెత్తటి గుడ్డతో తుడవకపోతే అది చెప్పే అంకె అబద్ధం. మా ప్రాంతంలో మూలన పడి ఉన్న సెన్సార్లలో చెడిపోయినవి తక్కువ, తుడవనివి ఎక్కువ.

మేత వేసే యంత్రం రొయ్య ఆకలిని వింటుందట, నిజమేనా?

నిజమే, నమ్మశక్యంగా లేకపోయినా. రొయ్య మేత గుళికను దవడలతో కొరికినప్పుడు చిన్న చిటపట శబ్దం వస్తుంది. నీటి లోపల పెట్టిన మైకు ఆ శబ్దాలను లెక్కపెడుతుంది. కొరుకుడు జోరుగా ఉంటే మేత వదులుతుంది, తగ్గితే ఆపుతుంది. రొయ్య నెమ్మదిగా తింటుంది, గుళికలోని పోషకాలు నీటిలో కరిగిపోతూ ఉంటాయి, కాబట్టి రోజుకు నాలుగు పెద్ద పూటల కంటే కొద్దికొద్దిగా చాలాసార్లు వేయడం మేలు. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే అయినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

అయితే మైకు ఉన్న యంత్రాలు ఖరీదైనవి, పెద్ద కమతాలకు సరిపోతాయి. చిన్న రైతుకు గడియారం ప్రకారం చల్లే మామూలు ఆటో ఫీడరు, దానికి తోడు చెక్ ట్రే చాలు. ట్రే ఎత్తడం మానేసిన రోజు ఏ యంత్రమూ కాపాడదు.

బయోఫ్లాక్, ప్రోబయాటిక్స్ గురించి ఏమంటారు?

బయోఫ్లాక్ సూత్రం గట్టిది. నీటిలో పేరుకునే అమ్మోనియాను బ్యాక్టీరియా తినాలంటే వాటికి కర్బనం కావాలి. బెల్లపు మడ్డి వంటిది తగిన పాళ్లలో వేస్తే అవి పెరిగి, ముద్దలు కట్టి, మళ్లీ రొయ్యకే మేత అవుతాయి. కాని ఆ బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్ పీలుస్తుంది కాబట్టి కరెంటు పోతే మామూలు గుంట కంటే బయోఫ్లాక్ గుంట త్వరగా చచ్చిపోతుంది. ప్రోబయాటిక్ డబ్బాల, అంటే మేలు చేసే బ్యాక్టీరియా డబ్బాల, విషయానికి వస్తే, లోపల ఏ జాతి ఉందో, గ్రాముకు ఎన్ని బతికి ఉన్నాయో రాయని డబ్బాను కొనవద్దు.

మన రొయ్యలను విదేశాల్లో ఎందుకు తిప్పి పంపుతున్నారు? అంత కొంచెం మందును ఎలా పట్టుకుంటారు?

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వంటి యాంటీబయాటిక్స్ రొయ్యల సాగులో నిషేధం. ఐరోపా దేశాలు 2022 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్‌కు పెట్టుకున్న కొలత కిలోకు 0.15 మైక్రోగ్రాములు. ఇరవై టన్నుల కంటైనరు మొత్తంలో ఆ లెక్కన 3 మిల్లీగ్రాములు అవుతుంది. ఒక బియ్యపు గింజ సుమారు 20 మిల్లీగ్రాములు తూగుతుంది, అంటే గింజలో ఏడో వంతు. దాన్ని పట్టుకునేది మాస్ స్పెక్ట్రోమీటర్. అది అణువులకు విద్యుదావేశం ఎక్కించి, బరువును బట్టి విడదీస్తుంది. ఆ బరువున్న అణువును విరగ్గొట్టి, ముక్కల బరువు కూడా సరిపోతేనే ఇది ఫలానా మందు అని తేలుస్తుంది. ఒక అణువును మరో అణువుగా పొరబడడం దాదాపు జరగదు.

మన దేశపు సాగు రొయ్యల సరుకులో ఐరోపా సరిహద్దు దగ్గర తనిఖీ చేసే వాటాను 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. రైతు తెలిసి వాడకపోయినా, లేబులు మీద రాయని మందు కలిసిన పొడి ద్వారా వచ్చి ఉండవచ్చు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, ఈహెచ్‌పీ మీద పనిచేయదు, అయినా భయంతో వేస్తారు. రోగం పోదు, ధర పోతుంది.

తెల్లమచ్చ వచ్చిన రొయ్య తింటే మనకు ఏమైనా అవుతుందా?

ఏమీ కాదు. ఆ వైరస్ పీతలు, రొయ్యల జాతికి పరిమితం, మనుషులకు సోకదు. చచ్చి పాడైన రొయ్య మాత్రం ఏ రోగం లేకపోయినా తినకూడదు.

శ్రీహరికోట నుంచి పంపే ఉపగ్రహాలకూ మన గుంటలకూ సంబంధం ఉందా?

2022లో జిల్లాల విభజనతో శ్రీహరికోట ఉన్న సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరినా, రాకెట్ పొగ మనకు ఇప్పటికీ ఇంటి మిద్దె మీద నుంచే కనిపిస్తుంది కాబట్టి ఈ ప్రశ్న ఎక్కువమంది అడుగుతారు. సంబంధం ఉంది. 2022 నవంబరు 26న వెళ్లిన ఓషన్‌శాట్ తరగతి ఉపగ్రహం సముద్రపు రంగును బట్టి అందులోని పచ్చటి సూక్ష్మ మొక్కల సాంద్రతను కొలుస్తుంది. అటువంటి సమాచారంతోనే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు చెబుతోంది. 2025 జులై 30న జీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన నైసార్ ఉపగ్రహంలో ఉన్నది కెమెరా కాదు, రాడార్. మబ్బులోంచి, చీకటిలోంచి కూడా 12 రోజులకు ఒకసారి అదే నేలను చూస్తుంది. నిశ్చలంగా ఉన్న నీరు రాడార్ అలను పక్కకు నెట్టేస్తుంది కాబట్టి గుంటలు నల్లటి పలకల్లా కనిపిస్తాయి. తుపాను రోజుల్లో ఎక్కడెక్కడ కట్టలు మునిగాయో, లైసెన్సు లేకుండా ఎక్కడ కొత్త గుంట తవ్వారో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. రెండో ఉపయోగం అందరికీ నచ్చకపోవచ్చు.

మాకు గుంటలు లేవు. మా బోరు ఉప్పగా మారుతోంది. దీనికి శాస్త్రం ఏం చెబుతుంది?

ఉప్పు నీరు నిలిచిన గుంట అడుగు ఇసుక నేల అయితే ఉప్పు భూగర్భంలోకి దిగుతుంది. తీరం దగ్గర బోర్లతో మంచినీటిని ఎక్కువగా తోడినా సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది. రెండూ ఒకే చోట జరిగినప్పుడు ఎవరి వాటా ఎంత అన్నది వాదులాటగా మిగులుతుంది. ఈ గొడవలే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1996 డిసెంబరు తీర్పుకు, తరువాత 2005 నాటి తీర ప్రాంత ఆక్వాకల్చర్ చట్టానికి దారితీశాయి. బోరు నీటిలో ఉప్పును కొలిచే చిన్న ఈసీ మీటరు మామూలు కుటుంబం కొనుక్కోగలిగిన వస్తువే. నెలకు ఒకసారి కొలిచి తేదీతో రాసి పెట్టుకున్న పుస్తకం, ఉట్టి ఫిర్యాదు కంటే బలంగా మాట్లాడుతుంది. రొయ్యల రైతునై ఉండి ఈ మాట చెప్పడం కొందరికి నచ్చలేదు, అయినా చెప్పక తప్పదు.

మన నేల రొయ్యే మళ్లీ గుంటల్లోకి వచ్చే అవకాశం ఉందా?

ఉంది. మన సముద్రంలో పుట్టిన తెల్ల రొయ్య, ఇండికస్, మీద చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలచరాల పెంపకం పరిశోధన సంస్థ, మనం సిబా అని పిలిచేది, ఏళ్లుగా పనిచేస్తోంది. దాని జన్యు అభివృద్ధి కార్యక్రమం మొదటి దశను 2023 ఫిబ్రవరిలో జాతీయ స్థాయిలో మొదలుపెట్టారు. తల్లి రొయ్యల కోసం విదేశాల మీద ఆధారపడే పరిస్థితి పోవాలన్నది దాని ఉద్దేశం. కానీ వనామీకి దశాబ్దాల ఎంపిక వెనుక ఉంది, మన రొయ్యకు ఆ ప్రయాణం ఇప్పుడే మొదలైంది; రెండు మూడు పంటల్లో వనామీతో సమానంగా పెరగాలని ఆశిస్తే నిరాశే మిగులుతుంది. టైగర్ కూడా రోగరహిత తల్లుల నుంచి ఇటీవల మళ్లీ కొన్ని గుంటల్లోకి వచ్చింది.

చివరగా, ల్యాబ్‌కు పిల్లను ఎలా తీసుకెళ్లాలి?

తొట్టి నాలుగు మూలల నుంచి, అడుగు నుంచి కూడా తీయండి, చురుకైన వాటితో పాటు నీరసంగా ఉన్నవాటిని వదలకుండా. సూక్ష్మదర్శిని కింద పేగును, కాలేయాన్ని చూడాలంటే పిల్ల బతికి ఉండాలి, ఆక్సిజన్ నింపిన సంచిలోనే తేవాలి. పీసీఆర్‌కు దూరం నుంచి తెచ్చేటట్లయితే 95 శాతం ఆల్కహాల్‌లో వేసి, మూత బిగించి, తొట్టి అంకె, తేదీ పెన్సిల్‌తో రాసిన కాగితాన్ని సీసా లోపలే వేయండి. పెన్నుతో రాస్తే ఆల్కహాల్ తగిలి సిరా చెరిగిపోతుంది, ఏ సీసా ఏ తొట్టిదో ఎవరికీ తెలియదు.